బీరువాలో నడిచే దుమ్ము

చుట్టల కొట్టు,
గడియారస్తంభం వీధి.
వానలు మొదలైన సోమవారం.

అన్నయ్యగారికి,

ఇది మీ వియ్యపురాలు చెబుతుంటే మీ అమ్మాయి రాస్తున్న ఉత్తరం. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మాటలు మాత్రం కావలసినన్ని వచ్చునని మీకు తెలుసు. క్షేమసమాచారాలు ఆఖర్న చెబుతాను, గుర్తుంటే. ముందు కేసు వినండి.

మీరు చుట్టి పంపిన చుట్టలకు పురుగులు పట్టాయి.

నిన్న మధ్యాహ్నం మీ అమ్మాయి ఎవరికో పెట్టె తీసివ్వబోయి, బీరువా తలుపు తెరిచి కెవ్వుమంది. ఏమైందే అంటే, "అత్తయ్యా, దుమ్ము నడుస్తోంది!" అంది. దుమ్ము నడవడమేమిటి, రాత్రి నిద్ర చాలలేదా అన్నాను. "లేదత్తయ్యా, తెల్లగా, ఉప్పుపొడి కంటే సన్నగా, ఒక్కొక్కటీ ఒక్కో దారిన పోతోంది" అంది. ఉప్పుపొడికి కాళ్లు మొలిపించిన ఘనత మీదే.

ఆ బీరువా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. లోపలంతా దేవదారు చెక్క. చుట్టలు ఎండిపోకుండా అడుగున స్పాంజి పళ్లెం, పక్కన తేమ ఎంతుందో చూపించే ముల్లు. ఆయన పోయినప్పటి నుంచి కొట్టు నేనొక్కదాన్నే నడుపుతున్నాను. పొద్దున్నే ఆ స్పాంజికి నీళ్లు పోసేది నేను. ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదన్నది నా కట్టడి. ఇన్నేళ్లలో రాని పురుగు ఇప్పుడొచ్చిందంటే అది మీ దగ్గర బస్సెక్కి వచ్చిందే. చుట్టలు చుట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ మీ అంతటి పెద్దమనిషిని చూడలేదు.

ఇప్పుడు నా గండం చెబుతాను. నెలాఖరుకు క్లబ్బు సెక్రటరీ వస్తాడు. వాళ్ల వార్షికోత్సవానికి ఏటా మన దగ్గరే పెట్టెలు తీసుకుంటాడు. బల్ల మీద పరిచి చూపిస్తే ఒప్పుకోడు. బీరువాలో తల దూర్చి, వాసన చూసి, తనే ఏరుకుంటాడు. ఆ దూర్చిన తల మీసంలోకి ఈ దుమ్ము నడిచి వెళ్లిందనుకోండి, ఇక మన కొట్టు గుమ్మం ఎవరూ తొక్కరు. అదే అదనుగా మీ అల్లుడు, అదే నా కొడుకు, బస్సు డిపో నుంచి వస్తూనే పాట మొదలుపెడతాడు: "అమ్మా, కొట్టు అద్దెకిచ్చేసి హాయిగా ఇంట్లో కూర్చో." నేను ఇంట్లో కూర్చుంటే మళ్లీ లేవను. ఆ సంగతి వాడికి తెలియదు, మీకు చెబుతున్నాను.

కాబట్టి సరుకంతా వెనక్కి తీసుకుని మంచిది పంపండి. లేకపోతే మీకూ మాకూ వియ్యం ఒక్కటే మిగులుతుంది, వ్యాపారం ఉండదు.

నేను ఒక మాట చెబితే మీ అమ్మాయి పెన్ను మూడు మాటలంత దూరం పోతోంది. ఏం రాస్తున్నావే అంటే "కామాలు, అత్తయ్యా" అంటోంది. మీ ఇంట్లో అన్ని కామాలు పెడతారా?

మీ వియ్యపురాలు.

(నాన్నా, "దగాకోరు" అని చెప్పినచోట "పెద్దమనిషి" అని రాశాను. చూసుకో.)

*

పొగాకు గోదాము వెనక ఇల్లు,
రేవు వీధి.

అక్కయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నన్ను పెద్దమనిషి అన్నారు. అంత మాట ఎవరంటారు ఈ రోజుల్లో! నాలుగుసార్లు చదువుకున్నాను.

కోపం రాకుండా ఒక్క పని చేయండి. ఏదైనా ఒక చుట్ట తీసి దీపానికి ఎదురుగా పెట్టించి చూడండి. సూదితో గుచ్చినట్టు బెజ్జాలున్నాయా? ఉంటే అది ఆకును తొలిచే పురుగు. అది మా గోదాముల్లో పుట్టేదే. అప్పుడు నేను చెప్పుతో కొట్టించుకోవడానికైనా సిద్ధం. బెజ్జాలు లేకపోతే అది వేరే జాతి. అది ఆకు జోలికి పోదు. తేమ ఎక్కువైన చోట చెక్కకు కంటికి కనపడనంత బూజు పడుతుంది, ఆ బూజు తిని బతుకుతుంది. దాన్ని నేను బస్సెక్కించి పంపనక్కర్లేదు. తడి ఉన్న చోటికి పిలవకుండానే వస్తుంది.

ముల్లు ఎంత చూపిస్తోందో రాయించండి. అరవై అయిదుకూ డెబ్బైకీ మధ్య ఉండాలి. దాన్ని బట్టి చెబుతాను.

ఇట్లు,
మీ విధేయుడు.

తల్లీ, ఇక్కడి నుంచి నీకు మాత్రమే, పైకి చదవకు. దగాకోరును పెద్దమనిషిగా దిద్దినందుకు నూరేళ్లు బతుకు. పాపం పెద్దావిడ చాదస్తం కొద్దీ నీళ్లు మరీ పోసేస్తోందేమో కాస్త కనిపెట్టి చూడు. ఆ మాట ఆవిడతో అనకు. అంటే నన్ను నిజంగానే చెప్పుతో కొడుతుంది. నువ్వు వేళకు తింటున్నావా? అల్లుడు ఎలా ఉన్నాడు? ఆవిడ నీ మీద కేకలేస్తుంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్. ఆవిడ నోరు గోదాము తలుపు లాంటిది, చప్పుడు ఎక్కువ, దెబ్బ తగలదు.

*

గడియారాల రిపేరు దుకాణం,
చుట్టల కొట్టు పక్కన.

మహారాజశ్రీ చుట్టల తయారీదారు గారి సముఖమునకు,

ఇందుమూలముగా తమకు తెలియజేయునదేమనగా, ఈ లేఖను వ్రాయుచున్నది గడియారములు మరమ్మతు చేయు పొరుగువాడను. చెప్పుచున్నది తమ వియ్యపురాలుగారు. వారు నా ముక్కాలిపీట మీద ఆసీనులై, "ఆ వరసలన్నీ ఎందుకయ్యా, తిన్నగా తిట్టు" అని సెలవిచ్చినందున, ఇకమీదట వారి మాటలనే యథాతథముగా పెట్టుచున్నాను.

ఏమయ్యా అన్నయ్యా!

మీ కాగితం రెండువైపులా నిండుగా ఉందని తడిమితేనే తెలిసిపోయింది. బాల్ పెన్ను ఒత్తి రాస్తారుగా, వెనక గరుకుగా తగులుతుంది. మీ అమ్మాయి చదివింది ఒక వైపుకు సరిపోయింది. రెండో వైపు ఏమైందే అంటే "ముగ్గు వేశారత్తయ్యా" అంది. ఈ వయసులో మా వియ్యంకుడు ఉత్తరం వెనక ముగ్గులు వేస్తాడా అని, తీసుకెళ్లి ఈయనకిచ్చాను. ఈయన పొల్లు పోకుండా చదివాడు.

నాది చాదస్తమా? నా నోరు గోదాము తలుపా?

నేను పోసేది పొద్దున ఒక్క గ్లాసు. అదీ స్పాంజిని వేలితో నొక్కి చూసి. ముల్లు చూడాలట! ముల్లు మొన్న పుట్టింది, నా వేలు అంతకు ముందు నుంచి ఉంది. కొన్నాళ్లుగా వేలికి తడి ఎక్కువే తగులుతోంది, వానాకాలం కదా అనుకున్నాను. అంత మాత్రానికి నేను మతిపోయి చెంబులు చెంబులు కుమ్మరిస్తున్నట్టు మాట్లాడతారా?

పురుగుల సంగతి. ఈయన గడియారాలు చూసే భూతద్దం తెచ్చి కంటికి బిగించుకుని చూశాడు. ఉన్నాయన్నాడు. నేనూ పెట్టుకుని చూశాను. ఏనుగుల్లా ఉన్నాయి! ఒకదాని వెనక ఒకటి ఊరేగుతున్నాయి. మీరు అక్కడ కూర్చుని "కంటికి కనపడనంత" అంటారు. నాకు శుభ్రంగా కనపడ్డాయి. నా కళ్లకు ఏమొచ్చింది?

చుట్టలకు బెజ్జాలు లేవు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నేను మీలాగా పెద్దమనిషిని కాను. (ఆ మాట వెనక అసలు మాటేమిటో కూడా ఈయన చదివేశాడు.)

ఇంకో సంగతి. నన్ను అక్కయ్యా అనడం మానండి. మీ నెత్తిన వెంట్రుక ఉండగా చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు.

చేవ్రాలు చేయుటకు వారు నిరాకరించి, "నా గొంతు ఆయనకు తెలుసులే" అనిరి.

*

మేడ మీద గది.

నాన్నా,

ఈ ఉత్తరం అత్తయ్యకు తెలియకుండా రాస్తున్నాను. జవాబు నాకు రాయకు. ఆవిడకే రాయి. నువ్వు ఆ రెండో వైపు రాయకుండా ఉంటే నాకు ఈ నాలుగు రోజులుగా మౌనవ్రతం తప్పేది. ఆవిడ నాతో మాట్లాడటం లేదు, గోడతో మాట్లాడుతోంది. "ఓ గోడా, కాస్త ఆ పెట్టె ఇటివ్వు" అంటుంది. నేను తీసిస్తే "గోడకు బుద్ధుంది" అంటుంది.

నిజం చెబుతాను. నీళ్లు ఎక్కువైంది ఆవిడ వల్ల కాదు. నా వల్ల.

అత్తయ్యకు కళ్లు సరిగా కనపడవు నాన్నా. చాలా రోజులుగా. అంకెలు వచ్చినా ముల్లు ఎక్కడుందో తెలియదు. పెట్టెల్ని వాసనను బట్టి, మూతల అంచుల్ని బట్టి గుర్తుపడుతుంది. వచ్చిన మనిషిని చెప్పుల చప్పుడుతో పోల్చుకుని, గుమ్మంలో ఉండగానే పలకరిస్తుంది. వాళ్లు "ఎంత చూపండీ ఈ వయసులో" అని మురిసిపోతారు. ఎండాకాలంలో ఒకరోజు ముల్లు బాగా కిందికి దిగి ఉంది. ఆవిడ చూసుకోలేదేమో, మరిచిపోయిందేమో అనుకుని, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు ఒక గ్లాసు పోశాను. అలా అలవాటైపోయింది. ముల్లు పైకెక్కినా, వానల వల్లనేమోలే, పొద్దున ఆవిడ మరిచిపోతే ఎండిపోతాయి కదా అని నేనూ మానలేదు. ఆవిడ ఒక్కరోజూ మరిచిపోలేదని నీకు రాయించిన ఉత్తరంతోనే తెలిసింది. ఇద్దరం పోటీపడి ఆ స్పాంజిని చెరువు చేశాం.

భూతద్దంతో ఏనుగుల్ని చూశానని రాయించిందట, గడియారాలాయన చెప్పాడు. చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ చూసింది పురుగులున్న అర కాదు. అంతకు ముందే తుడిచేసిన ఖాళీ అర. గడియారాలాయన నా వైపు చూశాడు. నేను నోటి మీద వేలేసుకున్నాను. పాపం ఆయన "అవునండీ, ఏనుగులే" అన్నాడు.

ఇప్పుడు నేనెలా చెప్పను? నీళ్లు పోశానంటే ఎందుకు పోశావంటుంది. మీకు ముల్లు కనపడదని అనాలి. ఆ మాట మీ అల్లుడి చెవిన పడిందంటే మర్నాడే కొట్టుకు తాళం. ఆయనది చెడ్డ బుద్ధి కాదు, తల్లి అరుగు దిగుతూ పడుతుందేమోనని బెంగ. కానీ ఆ కొట్టు తీసేస్తే అత్తయ్య మిగలదు.

నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

*

రేవు వీధి.

చెల్లెమ్మగారికి,

(మీ ఆజ్ఞ ప్రకారం వరస మార్చాను.)

తప్పు నాదే. మీరు క్షమించాలి. మా గోదాము కప్పు కారుతోంది. చుట్టలు ఇక్కడే తడిసి, ఆ తడితోనే మీ దగ్గరకు వచ్చాయి. మీ నీళ్ల పళ్లెంలో దోషం ఏమీ లేదు. అమ్మాయి దోషం అసలే లేదు.

చేయవలసింది ఇది. చుట్టలన్నీ తీసి మెత్తటి బ్రష్షుతో దులపాలి. పాలిథిన్ సంచుల్లో గాలి చొరకుండా మూట కట్టి, ఒకరోజు ఫ్రిజ్జులో, తర్వాత మూడు రోజులు గడ్డకట్టే పెట్టెలో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్జులో ఉంచి బయటకు తీయాలి. ఒక్కసారిగా వేడికి తెస్తే ఆకు పగులుతుంది. ఈలోగా స్పాంజి పారేసి, బీరువా పొడిగుడ్డతో తుడిచి, తలుపులు బార్లా తీసి ఆరబెట్టండి. ముల్లు దిగాక కొత్త స్పాంజి పెట్టి, మందుల షాపులో అమ్మే డిస్టిల్డ్ నీళ్లు కొంచెమే పోయించండి. పురుగుమందు మాత్రం కొట్టించకండి. ఆ చుట్టలు నోట్లో పెట్టుకునేవి.

నెలాఖరులోగా అయిపోతుంది. ధైర్యంగా ఉండండి.

*

చుట్టల కొట్టు.
నెలాఖరు.

అన్నయ్యగారికి,

రాస్తున్నది మళ్లీ మీ అమ్మాయే. గడియారాలాయన రాస్తే నా తిట్లకు కూడా పట్టుబట్టలు కట్టినట్టుంది. ఆయన్ని మానిపించాను.

మీరు తప్పు ఒప్పుకున్నారని విని ఆ ముక్క మళ్లీ చదివించాను. లెక్కలో ఒక చుట్ట తక్కువైతేనే "బస్సులో ఎలుక తినుంటుంది" అనే మనిషి, ఇంత తేలిగ్గా తప్పు నెత్తినేసుకున్నాడంటే ఎవరినో కాపాడుతున్నాడు. పైగా గోదాముకు కొత్త రేకులు వేయించానని నిరుడు మీరే గొప్పగా రాశారు. కొత్త రేకులు అప్పుడే కారాయా?

మర్నాడు పొద్దున నేను నీళ్లు పోయలేదు. ఉన్న తడంతా పిండేశాను కూడా, పొడి స్పాంజి చూస్తే పోసే చెయ్యి ఆగదని. మధ్యాహ్నం కళ్లు మూసుకుని గురక పెట్టాను. గురక పెట్టడం ఎంత కష్టమో నిద్రపోయేవాళ్లకు తెలియదు. లేచి స్పాంజి మీద వేలు పెడితే బుడుంగున మునిగింది.

మీ అమ్మాయిని ఎదురుగా నిలబెట్టాను. "ఎందుకు పోశావు?" అన్నాను. "నా మీద నమ్మకం లేకనా?" అన్నాను. అప్పుడంది: "మీకు ముల్లు కనపడదు కదా అత్తయ్యా."

నన్ను ఇంతవరకూ ఎవరూ అంత మెల్లగా కొట్టలేదు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"పెళ్లయి వచ్చిన వారానికే. నా చీర రంగు బాగుందన్నారు. పచ్చదాన్ని ఎర్రదన్నారు."

"మీ ఆయనకు చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కొట్టు మూయిస్తారు. మూస్తే రోజంతా నేను ఇంట్లో మీతో కూర్చోవాలి. నాకు భయం."

నాకు నవ్వొచ్చింది. కేసు కొట్టేశాను. నేను పోసిన నీళ్లకు పురుగు పట్టలేదు, తను పోసిన నీళ్లకూ పట్టలేదు. రెండూ కలిస్తే పట్టింది. ఇద్దరు ముద్దాయిలూ ఒకే ఇంట్లో ఉన్నాక తీర్పు ఎవరికి చెప్పను?

తర్వాత మీరు చెప్పినట్టే చేశాం. గడ్డకట్టే పెట్టె మాకెక్కడిది? వీధి చివర ఐస్‌క్రీం కొట్టాయన పెట్టెలో సగం అడిగాను. ఆయన బెదురుతూ ఇచ్చాడు. నేను రోజూ వెళ్లి సంచులు తడిమి చూసుకుంటుంటే కొనడానికొచ్చినవాళ్లు "అవేం ఐస్‌క్రీములండీ?" అని అడిగారట. "చాక్లెట్‌వి. మీకు పళ్లు చాలవు" అన్నాను.

బీరువా ఆరి, కొత్త స్పాంజి పడి, చుట్టలు అరల్లోకి ఎక్కిన మర్నాడే సెక్రటరీ దిగబడ్డాడు. దిగబడ్డవాడు ఒంటరిగా రాలేదు. దారిలో మీ అల్లుడు కలిశాడట, వెంటబెట్టుకుని వచ్చాడు. ఐస్‌క్రీం కొట్టాయన ఊరంతా చాటేసినట్టున్నాడు. సెక్రటరీ గుమ్మంలోనే ఆగి, "మీ సిగార్లకు పురుగులట కదమ్మా?" అన్నాడు. మావాడు "నే చెప్పలేదూ!" అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"పట్టాయి. పోయాయి. బీరువా మీ ఎదురుగా ఉంది, తల దూర్చండి" అన్నాను.

ఆయన తల దూర్చలేదు. మీసం సవరించుకున్నాడట. "పురుగులు పోయినా తేమ అలాగే ఉంటే మళ్లీ వస్తాయమ్మా. ముల్లు ఇప్పుడెంత ఉంది? నేను అద్దాలు తెచ్చుకోలేదు, మీరే చూసి చెప్పండి" అన్నాడు.

మావాడు నా వైపే చూస్తున్నాడని వాడి చెప్పులు చెబుతున్నాయి. లేచాను. బీరువా ముందు వంగాను. తెల్లటి బిళ్ల ఒకటి కనిపించింది. దాని మధ్యలో ముల్లుందో లేదో ఆ పైవాడికి తెలియాలి. నోటికొచ్చిన అంకె చెబుదామా అనుకున్నాను. తప్పయితే సెక్రటరీ పోతాడు, ఒప్పుకుంటే కొట్టు పోతుంది.

అప్పుడు మీ అమ్మాయి నా పక్కకు వచ్చి వంగింది. "నాకు అరవై ఎనిమిదిలా కనిపిస్తోంది అత్తయ్యా. కానీ ఈ మధ్య నాకు దగ్గరవి మసకగా ఉంటున్నాయి, కళ్లు నమ్మలేను. మీరే సరిగ్గా చూసి చెప్పండి" అంది.

నేను తీరిగ్గా చూశాను. ఇటు నుంచి చూశాను, అటు నుంచి చూశాను. "అరవై ఎనిమిదే. కుర్రముండవి, నీకప్పుడే మసకేమిటే?" అన్నాను.

సెక్రటరీ వంగి తల లోపలికి దూర్చాడు. ఎంతసేపటికీ బయటకు తీయలేదు. తీసి, కావలసిన పెట్టెలన్నీ పక్కన పెట్టించి, చెవి దగ్గరకు వచ్చి గుసగుసగా అడిగాడు: "మా క్లబ్బు బీరువాలోనూ ఏదో దుమ్ము నడుస్తున్నట్టుందమ్మా. కాస్త ఎలా తీశారో చెబుతారా?"

చెప్పాను. మధ్యలో మీ పేరు ఎత్తలేదు.

అంతా బాగానే ముగిసింది గానీ మావాడు గుమ్మంలోంచి కదలడు. "నీకు మసకగా ఉంటోందా? నాకెందుకు చెప్పలేదు? రేపే డాక్టరు దగ్గరకు" అని పెళ్లాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడు చిక్కల్లా అదే. ఏం చేయాలో తోచక మీకు రాయిస్తున్నాను.

(నాన్నా, "కుర్రముండవి" అన్నది తీసేద్దామనుకున్నాను. ఉంచమంది.)

*

రేవు వీధి.

చెల్లెమ్మగారికి,

డాక్టరు దగ్గరకు మీరూ తోడుగా వెళ్లండి. అమ్మాయికి భయం అని చెప్పండి. అంతకంటే నేను ఏమీ రాయను. రెండో వైపు ఖాళీగా ఉంది, తడిమి చూసుకోండి.

*

చుట్టల కొట్టు.
వానలు తగ్గాయి.

అన్నయ్యగారికి,

మీ ఎత్తు పారింది. సంతోషించండి.

డాక్టరు ముందుగా మీ అమ్మాయిని కూర్చోబెట్టాడు. ఎదురుగా అట్ట మీద అక్షరాలు చదవమన్నాడు. కాస్త తడబడవే అని దారి పొడుగునా చెప్పి తీసుకెళ్లాను. చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయట ఆఖరి వరసలో, వాటిని కూడా సిగ్గు లేకుండా గడగడా చదివేసింది. డాక్టరు "ఈవిడ కళ్లు దివ్యంగా ఉన్నాయి, మరి మీరు?" అన్నాడు. నేను తోడు వచ్చానన్నాను. వచ్చారు కదా కూర్చోండి అన్నాడు.

"నాకు అక్షరాలు రావు" అన్నాను. గెలిచేశాననుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక చదువు రాకపోవడం అక్కరకొచ్చింది ఆ ఒక్క నిమిషమే.

ఆయన ఆ అట్ట తీసేసి ఇంకోటి తగిలించాడు. "పర్లేదు పెద్దమ్మా, ఇందులో అన్నీ చేతుల బొమ్మలే. ఆ పెద్ద చెయ్యి వేళ్లు ఎటు చూపిస్తున్నాయో చెప్పండి చాలు" అన్నాడు.

"ఏ చెయ్యి?" అన్నాను.

మావాడి చెప్పులు నా వైపు రెండడుగులు వేశాయి.

బయటకొచ్చాక వాడు వసారాలో బెంచీ మీద కూలబడి, "ఇన్నాళ్లూ ఏమీ కనపడకుండానే కొట్టు నడిపావా అమ్మా?" అన్నాడు. "కనపడకుండా ఎంతమంది బస్సులు నడపడం లేదు?" అన్నాను. నవ్వలేదు. ఇక కొట్టు చాలించమన్నాడు. అరిచాడు. నేనూ అరిచాను. ఆసుపత్రిలో అందరూ మాకే జబ్బనుకుని దారిచ్చారు.

మీ అమ్మాయి మా ఇద్దరి మధ్యలో కూర్చుని, ఎవరికీ ఎదురు చెప్పకుండా, లెక్క చెబుతున్నట్టు చెప్పింది: "పొరలు తీసేస్తారట. ఒక కన్ను ఇప్పుడు, రెండోది రెండు నెలలకు. అన్నాళ్లూ కొట్టులో నేను కూర్చుంటాను. అత్తయ్య లోపల మంచం మీద పడుకుని నన్ను తిడుతుంటుంది. తిట్లు వినపడుతున్నంత సేపూ కొట్టు తెరిచే ఉంటుంది." మావాడు లేచి ఆపరేషన్‌కు తేదీ రాయించుకోవడానికి వెళ్లాడు.

ఆపరేషన్ అయ్యేదాకా వచ్చి కొట్టులో కూర్చుంటానని కబురు చేశారట. అక్కర్లేదు. మీరు కూర్చుంటే అడిగినవాడికల్లా అప్పిస్తారు.

నాకు భయంగా ఉంది. ఈ ముక్క రాయొద్దన్నాను, పెన్ను కదులుతున్న చప్పుడు వినపడుతోంది.

*

చుట్టల కొట్టు.
చలికాలం.

అన్నయ్యగారికి,

మొన్న మొదటి కంటి కట్టు విప్పారు.

ముందుగా ముల్లు చూశాను. అరవై ఆరు. ఎవరినీ అడగలేదు. పళ్లెంలో నీళ్లు ఒక పొద్దు నేను, ఒక పొద్దు తను పోస్తున్నాం. పోసినవాళ్లు గట్టిగా అరిచి చెప్పాలని కట్టడి. మేం అరిస్తే వీధిలోవాళ్లు గడియారం చూసుకుంటున్నారు.

ఇప్పుడు కొత్త కేసు. మీ చుట్టలు వేళ్లతో చూసినన్నాళ్లూ నున్నగా, బంగారంలా ఉండేవి. కంటితో చూశాను. ఒకదాని రంగు ఒకదానికి లేదు, పేర్చితే మెట్లు మెట్లుగా ఉంది. పెట్టె మూత మీద మీ బొమ్మ అచ్చేయించారు, అందులో మీకు నుదుటి దాకా జుట్టుంది. ఆ బొమ్మను చూపించి ఎవరికి ఏం అమ్ముతున్నారు? తదుపరి సరుకు రంగులు ఏరి పంపకపోతే గడియారాలాయనతో రాయిస్తాను.

గల్లా దగ్గరి కుర్చీలో మీ అమ్మాయే కూర్చుంటోంది. కళ్లొచ్చాయి కదా, ఇక దిగమందామనుకున్నాను. కొనేవాళ్లతో తను మాట్లాడుతుంటే ఎదురు బల్ల మీద కూర్చుని చూడటం బాగుంది, దిగమనలేదు. నాలుగు రోజులు పుట్టింటికి పంపమని రాశారు. కుదరదు. మా కొట్టు ఎవరు చూస్తారు? చూడాలనుంటే మీరే రండి.

ఇంకొక్క మాట. దీనికి మాత్రం మీరు జవాబు చెప్పి తీరాలి. సంబంధం మాట్లాడేటప్పుడు అన్నీ వివరంగా చెప్పారు, చదువు చెప్పారు, వంట చెప్పారు. ఆ పిల్లకు ఎడం బుగ్గ మీద నువ్వుగింజంత పుట్టుమచ్చ ఉంది. నవ్వితే అది కంటి దగ్గరకు వెళుతుంది. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాకు నిన్ననే తెలిసింది. ఒక్క ముక్క చెప్పకపోయారు. అంత అందాన్ని దాస్తారా ఎవరైనా?

రాస్తున్నదల్లా ఆపేసింది. కామాలు పెడుతోందేమోనని తొంగి చూశాను. కాదు, కాగితం తడిసింది.